దిగుడుబావి కాపలా

ఆ ఎండాకాలం మా అమ్మను బావిలోకి దిగనీయకుండా ఆపింది నేనే. ఊళ్లో ఈ సంగతిని తలా ఒక రకంగా చెప్పుకుంటారు. టీచరమ్మ ఆపిందంటారు, శెట్టి ఆపించాడంటారు, ఇంకా తెలివైనవాళ్లు గవర్నమెంటు ఆపిందంటారు. కట్టె అడ్డం పెట్టిన చెయ్యి మాత్రం నాది. అప్పటికి నాకు పదకొండేళ్లు. చిన్నపిల్లవు, నీకేం తెలుసులే అని ఓదార్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఓదార్పు నాకక్కర్లేదు. నాకన్నీ తెలుసు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లు కావస్తోంది. పెద్దముడియానికి మూడు మైళ్ల దూరంలో మా ఊరు. నల్లరేగడి నేల, ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. నోట్లో పోసుకోదగ్గ నీళ్లున్నది ఊరికి పడమర ఉన్న దిగుడుబావి ఒక్కదానిలోనే. ముప్పై ఆరు మెట్లు. దిగనిచ్చే కులాలవాళ్లంతా కాళ్లతో నీళ్లలోకి దిగి, మోకాళ్ల లోతున నిలబడి బిందె ముంచుకునేవాళ్లు. మా అమ్మ గౌరమ్మ రోజుకు పదిహేను బిందెలు ఆ మెట్లెక్కించేది. ఏడు వీరభద్రయ్య శెట్టి ఇంటికి, ఆరు మహబూబ్ బాషా టీ అంగడికి, రెండు మాకు. మా నాయన నరసింహులు జమ్మలమడుగు అవతల నాపరాళ్ల గనిలో కూలి, వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. ఆయన కూలి జొన్నలకు సరిపోయేది. ఉప్పు నుంచి నా పలక దాకా మిగిలినవన్నీ అమ్మ బిందెల్లోంచి రావాల్సిందే.

ఒంటిపూట బళ్లు మొదలైన వారానికి సైదున్నీసా టీచరమ్మ నీళ్ల పాఠం ఎత్తుకుంది. ఆమెది ప్రొద్దుటూరు. ఊళ్లో ఆమెకు ముందు ఆడటీచరు లేదు, కాబట్టి మేమంతా ఆమె వెనకాలే తిరిగేవాళ్లం. చేతులు కడిగిన నీళ్లు సొరపాదుకు పోయమనేది. తిన్న విస్తళ్లు వీధిలో పారెయ్యకుండా గుంత తీసి వెయ్యమనేది. అరిగిపోయిన బలపం ముక్కను జొన్నదంటులో గుచ్చి చివరిదాకా రాయమనేది. ఏదీ వ్యర్థం చెయ్యకూడదని ఆమె చెబితే అదేదో కొత్త ఆటలా ఉండేది మాకు. మా ఇంట్లో వ్యర్థం చెయ్యడానికి ఏమీ లేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఒకరోజు నల్లబల్ల మీద ఒక కాలు బొమ్మ గీసి, మడమ పైనుంచి దారంలా వేలాడే పురుగును గీసింది. నారికురుపు. మాకు కొత్తేమీ కాదు. ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరికి కాలి మీద బొబ్బ లేచి, పగిలి, తెల్లటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు వేలెడు చొప్పున నెమ్మదిగా లాగాలి. తెగితే కాలు పోయినట్టే.

"కురుపు మండుతుంది కాబట్టి మనిషి కాలు నీళ్లలో పెడతాడు," అంది టీచరమ్మ. "నీళ్లు తగలగానే ఆ పురుగు కంటికి కనపడని పిల్లల్ని వేలకు వేలు వదులుతుంది. ఆ నీళ్లు వడగట్టకుండా తాగినవాళ్లకు సరిగ్గా ఏడాదికి అదే కురుపు. మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెడితే ఎవరి కాలూ నీళ్లలో పడదు. బ్లాకు ఆఫీసువాళ్లు కట్టిస్తారు. కానీ ఎంతమందికి ఉందో లెక్క పంపాలి. పెద్దవాళ్లను అడిగితే ముల్లు గుచ్చుకుందంటున్నారు. మీరు అబద్ధం చెప్పరు కదా? మీ ఇళ్లలో ఎవరికుందో వాళ్లు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. నా లెక్కకు ఆ ఏడు ఊళ్లో పదకొండు మందికి ఉంది. నా పక్కన కూర్చున్న సుబ్బరత్న, వీరభద్రయ్య శెట్టి కూతురు. వాళ్ల అవ్వ లక్ష్మీదేవమ్మ నెలన్నరగా మడమకు ఆముదపాకు కట్టుకొని కుంటుతోంది. సుబ్బరత్న పలక మీద పూలు గీస్తూ కూర్చుంది. వాళ్లక్కకు పులివెందుల సంబంధం చూస్తున్నారు, ఇంట్లో నారికురుపుందంటే వాళ్లు గడప తొక్కరు. మిగిలినవాళ్లకూ ఏవో భయాలు. మెట్లు మూస్తే నీళ్లే దొరకవేమోనని కొందరికి, ఏ జన్మలో చేసిన పాపమో అంటారని కొందరికి.

నేను చెయ్యెత్తాను. అమ్మకు మందిస్తారనుకొని ఎత్తానని తర్వాత అందరికీ చెప్పాను. అది అబద్ధం. టీచరమ్మ నా వైపు చూడాలని ఎత్తాను.

"మా అమ్మకు ఉంది టీచర్. కుడికాలికి. జానెడు బయటికొచ్చింది."

చూసింది. అంత మంది పిల్లల ముందు నా దగ్గరకొచ్చి నా తల నిమిరింది. కాగితం మీద ఒక్క పేరు రాసుకుంది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. అమ్మ గుమ్మంలో కాలు చాపుకొని పుల్లకు పురుగును చుట్టుకుంటోంది.

"ఏందిమే, బళ్లో నా కాలు గురించి కత చెప్పినావంట?"

"గిలకబావి కట్టిస్తారంటమా. లెక్క కావల్లంట."

"లెక్కకు నేనొక్కదాన్నే దొరికినానా? శెట్టి తల్లి కుంటేది నీ కండ్లకు ఆన్లేదా?"

"సుబ్బరత్న చెప్పలేదు, నేనేం చేసేది?"

"అది తెలివైన పిల్ల," అంది అమ్మ. లేచి వచ్చి కొడుతుందనుకున్నాను. పురుగు చేతిలో ఉంది కాబట్టి లేవలేదు. దాన్ని జాగ్రత్తగా కట్టి, ముడి వేసి, అప్పుడు లేచి వచ్చి కొట్టింది.

రెండో రోజు టీచరమ్మ నీళ్ల దళం పెట్టింది. పన్నెండు మంది పిల్లలం. చేతికో వేపకట్టె, జాకెట్టుకో ఎర్ర రిబ్బను. బిందె మూతికి కట్టి నీళ్లు వడగట్టడానికి శెట్టి తన అంగడిలోంచి పది గజాల మల్లుగుడ్డ ఇచ్చాడు. గుడ్డ ఇచ్చినాయన కూతురు కాబట్టి సుబ్బరత్న నాయకురాలు. నారి ఉన్నవాళ్లను మెట్లు దిగనివ్వకూడదు, కానీ వాళ్లకు తాగడానికి ఒక బిందె మేమే ముంచి ఇవ్వాలి. టీచరమ్మ పెట్టిన నియమం అది. ఆమె మంచిదే. బతకడానికి పదిహేను బిందెలు మోసే మనిషి ఉంటుందని ఆమె ఆలోచించలేదు, అంతే. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

బడి వదిలాక బావి దగ్గరికి పోయాం. టీచరమ్మ గట్టు మీద గొడుగేసుకొని నిలబడింది. నీళ్లకొచ్చినవాళ్లు ఈ వింత చూడ్డానికి ఆగిపోయారు. అమ్మ నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలతో వచ్చింది.

"గౌరమ్మా, నువ్వు దిగొద్దు," అంది సుబ్బరత్న. "టీచరమ్మ చెప్పింది."

"మీ ఇంటికే పాపా ఈ నీళ్లు. మీ నాయన స్నానానికి కాసుకోనుంటాడు."

"ఒక బిందె ముంచిస్తాం. పో, అట్ల నిలబడు."

అమ్మ మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద నేనున్నాను.

"జరుగుమే."

ముప్పైమంది నన్నే చూస్తున్నారు. గట్టు మీద టీచరమ్మ గొడుగు కొంచెం పక్కకు వంచింది, నన్ను బాగా చూడ్డానికి.

నేను కట్టె అడ్డం పెట్టాను. "దిగొద్దమా. నువ్వు కాలు పెడితే నీళ్లలో పురుగులు పడతాయి," అన్నాను, అందరికీ వినపడేలా.

ఎవరో నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. చంకలో బిందె దించి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"సరేలే తల్లీ. ఒకటి ముంచియ్యి."

ముంచి ఇచ్చాం. ఎత్తుకొని వెళ్లిపోయింది. టీచరమ్మ నా భుజం తట్టి, "సొంత మనిషైనా నియమం నియమమే. శభాష్ ఓబుళమ్మా!" అంది. ఆ శభాష్ రుచి నాకు వారం రోజులు నోట్లో ఉండిపోయింది. ఆ వారంలోనే అమ్మ రెండు చోట్లా బావినీళ్ల పని పోగొట్టుకుంది.

శెట్టి ఇంట్లో ఇంకో మనిషిని పెట్టుకున్నారు. "నారి పట్టిన మనిషి చేతి నీళ్లు మా ఇంట్లో వద్దు," అని లక్ష్మీదేవమ్మ అరుగు మీద కూర్చొని, ఆముదపాకు కట్టిన తన కాలు చీర కింద దాచుకొని మరీ చెప్పింది. మహబూబ్ బాషా కాస్త నయం. అంగడి వెనక్కి పిలిచి నెమ్మదిగా మాట్లాడాడు.

"నాకేం పట్టింపు లేదు గౌరమ్మా. గిరాకీలు ఒప్పుకోరు. బావి నీళ్లు నీ చేత తెప్పిస్తే టీ తాగేదే లేదంటాండారు. కుందేటి నుంచి తెస్తానంటే చెప్పు, తీసుకుంటా."

కుందేరు ఒకటిన్నర మైలు. ఎండాకాలం ఏట్లో నీళ్లుండవు, ఇసకలో చెలమ తీసుకొని గ్లాసుతో తోడి బిందె నింపుకోవాలి. రెండేసి బిందెలతో మూడు తిరుగుళ్లు, అంటే రోజుకు తొమ్మిది మైళ్లు. ఆ కాలితో.

అమ్మ సరేనంది.

బావి దగ్గర మా కాపలా సాగింది. నాలుగో రోజు సాయంత్రం లక్ష్మీదేవమ్మ పనిమనిషి రాలేదని తనే చెంబు తీసుకొని వచ్చింది. ఒక్కొక్క మెట్టే దిగి, చీర పైకి దోపి, ఆకు విప్పి పక్కన పెట్టి, మడమను నీళ్లలో ముంచి హమ్మయ్య అంది. తెల్లటి దారం నీళ్లలో ఆడటం నేను చూశాను. సుబ్బరత్నా చూసింది.

"మీ అవ్వను ఎక్కమని చెప్పు," అన్నాను.

"మా అవ్వకు వాతం."

"వాతం దారంమాదిరి యాలాడతాదా?"

"మీ అమ్మకుందని అందరికీ ఉండల్లనా?"

మరుసటి రోజు బళ్లో లేచి టీచరమ్మకు చెప్పాను. ఆమె సుబ్బరత్నను అడిగింది. సుబ్బరత్న తల మీద చెయ్యి పెట్టుకొని ఒట్టు వేసింది. నల్లబల్ల పక్కన శెట్టి ఇచ్చిన మల్లుగుడ్డ తాను ఇంకా సగం ఉంది. టీచరమ్మ దాని వైపు చూసిందని నేననను. కానీ నాతో ఇలా అంది.

"నీ బాధ నాకర్థమైంది ఓబుళమ్మా. కానీ ఈర్ష్య మంచిది కాదు. నిజం చెప్పిన పిల్లవి, ఇప్పుడు ఇలాంటి మాటలు చెప్పి ఆ మంచిపేరు పోగొట్టుకోకు."

క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. అప్పటికైనా రిబ్బను విప్పి పారేశానా? లేదు. సాయంత్రం మళ్లీ కట్టె పట్టుకొని మెట్ల మీద నిలబడ్డాను. దళంలో ఉంటే కనీసం దళం నన్ను చూసి నవ్వదని.

పదో రోజు అమ్మ కుందేటి ఒడ్డెక్కుతుంటే కాలికి కట్టుకున్న పుల్ల తుమ్మకంపకు తగులుకుంది. బిందె దించి విడిపించుకోవాలి. కానీ అది నిండు బిందె, గ్లాసుతో గంటసేపు తోడి నింపింది. కాలు లాగింది. పురుగు పుటుక్కున తెగి, లోపలున్న సగం లోపలికే పోయింది.

నీళ్లు మాత్రం అంగడికి చేర్చి వచ్చింది. ఇంటికొచ్చి తెగిన పుల్లను గోడలో దోపి, "అయిపాయె," అంది. మూడోనాటికి కాలు తొడదాకా ఉబ్బి, ముట్టుకుంటే కేకలు పెట్టింది. నాయనకు కబురంపాం. ఆయన బండి కట్టించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాడు. బండిలో అమ్మ తల నా ఒళ్లో ఉంది. జమ్మలమడుగు కప్పులు కనిపించాక నాయన అడిగాడు.

"బళ్లో ఇంకెవురన్నా చెయ్యెత్తినారా?"

"లేదు నాయనా."

"పదకొండు మందుంటే నీకొక్కదానికే నోరుండె గదా!" అన్నాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ ఆయన నన్ను నోరారా పేరు పెట్టి పిలవలేదు. ఏమే అనేవాడు, ఇదిగో అనేవాడు. పెళ్లి పీటల మీద కూడా అంతే.

ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మూడు చోట్ల కోసి చీము తీశారు. కాలు తీసెయ్యకుండా దక్కించారు కానీ మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయింది. అమ్మ మళ్లీ నిటారుగా నిలబడలేదు. ఇంటి గడప దాటాలంటే గోడ పట్టుకోవాలి.

జూన్‌లో బళ్లు తెరిచాక టీచరమ్మ మా ఇంటికొచ్చింది. చాలాసేపు అమ్మ కాలు వైపు చూడకుండా కూర్చుంది.

"బ్లాకు ఆఫీసు నుంచి జవాబొచ్చింది గౌరమ్మా. గిలకబావి వీరపునాయునిపల్లె దగ్గర ఇంకో ఊరికిచ్చారు. ఆ ఊళ్లో నలభై కేసులు రాసి పంపారట. మన ఊరికి ఒక్క కేసే కదా, అక్కర్లేదన్నారు."

"ఆ ఒక్క కేసు నేనే గదా తల్లీ," అంది అమ్మ. "పోనీలే. నా పేరన్నా గవర్మెంటు దాకా పోయింది."

టీచరమ్మ ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగి, "రేపట్నించి బడి వద్దు. బిందె ఎత్తుకో," అంది.

అలా నేను అమ్మ స్థానంలోకి వచ్చాను. శెట్టి ఇల్లు తిరిగి దొరికింది, ఎందుకంటే నాకు కురుపు లేదు, పైగా అమ్మకిచ్చినదాంట్లో సగమిస్తే చాలు. మహబూబ్ బాషా కూడా మళ్లీ బావి నీళ్లకే ఒప్పుకున్నాడు. నాలుగు బిందెలకే నడుము విరిగేది, అయినా పదిహేనూ మోసేదాన్ని. నేను మోస్తేనే పొయ్యి వెలిగేది. సుబ్బరత్న స్నానం చేసే నీళ్లూ నేనే మోశాను.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఒకరోజు తెల్లవారి లేచేసరికి ఎడమ మడమ పక్కన చిటికెన వేలి గోరంత బొబ్బ. నిప్పు పెట్టినట్టు మంట. అమ్మ దాన్ని చూసి చూడగానే తలుపు మూసింది.

"వడగట్టుకోకుండా యాడ తాగినావు?"

ఆలోచించాను. ఇంట్లో ఎప్పుడూ వడగట్టే తాగాను. ఆ పోయినేడు మెట్ల మీద కాపలా కాసేటప్పుడు దప్పికైతే మాత్రం అక్కడే దోసిలి పట్టి తాగేవాళ్లం, దళంలోని పన్నెండు మందీ. మల్లుగుడ్డ బిందెలకని చెప్పారు. దోసిలికి కూడా గుడ్డ కట్టాలని మాకెవరికీ తోచలేదు. లక్ష్మీదేవమ్మ కాలు కడుక్కున్న సాయంత్రం కూడా తాగాం. కాపలా కాసినవాళ్లమే తాగాం.

అమ్మ ఆముదపాకు వేడిచేసి కట్టి, పైన పాతగుడ్డ చుట్టింది. "ఎవురడిగినా ముల్లు గుచ్చుకునిందని చెప్పు. నోరు జారినావంటే ఇంట్లో ముగ్గురం మన్ను తినల్ల."

ఆ వారంలోనే సైదున్నీసా టీచరమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో కొత్త కాగితం. అమ్మ గుమ్మంలో, నేను లోపల పొయ్యి దగ్గర. కాలు పావడా కింద మడుచుకున్నాను.

"ఈసారి ఇల్లిల్లూ నేనే తిరుగుతున్నాను ఓబుళమ్మా. ఎవరూ చెప్పడం లేదు. ఈ ఊళ్లో నాకు నిజం చెప్పే మనిషివి నువ్వొక్కదానివే. బావికి రోజూ పోతావు. ఎవరికైనా చూశావా? పదిమంది పేర్లు ఇస్తే చాలు, ఈసారి గిలక తెప్పిస్తాను."

నాకు తెలిసినవాళ్లు పధ్నాలుగు మంది. వాళ్లలో ఐదుగురు మా దళం పిల్లలే. సుబ్బరత్న ఒకతి. నాతో కలిపితే పదిహేను. పేర్లు వరసగా నాలుక చివర ఉన్నాయి. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు, నిలబెట్టిన కర్రలా కూర్చుంది. నాకు ఆమె వీపే కనబడుతోంది.

"ఎవరికీ లేదు టీచర్," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా. మీరు చెప్పినట్టు అందరూ వడగట్టుకుంటాండారు."

ఆమె ముఖం వెలిగిపోయింది. తన పాఠం ఫలించిందనుకుంది పాపం. కాగితం మీద సున్నా చుట్టి, నా తల నిమరడానికి లోపలికి రాబోయింది. అమ్మ కాలు అడ్డంగా ఉంది కాబట్టి గుమ్మంలోంచే నవ్వి వెళ్లిపోయింది.

సాయంత్రం బిందెలెత్తుకొని బావికి పోయాను. ఆ ఏటి దళం వేరే, అంతా చిన్నపిల్లలు. మొదటి దళంలో ఉన్నదాన్నని నన్నెవరూ ఆపరు, నాకు దారిస్తారు. కట్టు విప్పి మెట్టు మీద పెట్టి మోకాళ్ల దాకా దిగాను. బొబ్బ పగిలింది. ఆ చల్లదనం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కళ్లు మూసుకుపోయాయి.

తెరిచేసరికి మహబూబ్ బాషా కూతురు సాజిదా, ఎర్ర రిబ్బను పెట్టుకున్న ఏడేళ్ల పిల్ల, నాకు రెండడుగుల దూరంలో వంగి నీళ్లలో దోసిలి పెట్టింది. నన్ను చూసి నవ్వింది.

"శానా దప్పికగా ఉందక్కా. తాగొచ్చా?"

తాగొద్దంటే ఎందుకని అడుగుతుంది.

"తాగు," అన్నాను. మంట ఇంకా పూర్తిగా తగ్గలేదు, కాలు నీళ్లలోనే ఉంచాను.